ఆఖరి గడిలో ముద్ర

1961 డిసెంబరు 4, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి పెడనలో మా ఇంటి ముందు రిక్షా ఆగింది. గుడివాడ బండి దిగి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వచ్చారు. అప్పటికే మా వసారాలో అద్దకం పెద్దలు అయిదుగురు కూర్చుని ఉన్నారు. మా ఆయనను అసెంబ్లీకి నిలబడమని అడగడానికి వాళ్ళు, వద్దని చెప్పడానికి బావగారు, ఒకే పొద్దున వచ్చి కూర్చున్నారు. నేను అందరికీ కాఫీ కలిపాను. ఆ తర్వాత రెండున్నర నెలలు మా ఇంట్లో కాఫీ గ్లాసులు తడి ఆరలేదు.

మాకు అద్దకం షెడ్డు ఉండేది. చెక్క అచ్చులతో దుప్పట్ల మీద, తెరల మీద పూలూ లతలూ అద్దే పని. అద్దిన గుడ్డను పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళలో ముంచితే రంగు కారి తెల్లటి చోటల్లా మరకవుతుంది. మాకు పారే నీళ్ళంటే పొలాల కాలువే. ఎండాకాలం రాగానే మరమ్మతులని ఆ కాలువ కట్టేసేవారు. మళ్ళీ వదిలేదాకా ఊళ్ళో అద్దకం బల్లలన్నీ ఖాళీ. పనివాళ్ళు గుడివాడ మిల్లులకో, బందరులో గిలకలదిండి రేవుకో మూటలు మొయ్యడానికి పోయేవారు. ఏటా కొందరు అక్కడే ఉండిపోయేవారు. వారానికి ఒక్కరోజైనా మా పిల్లకాలువకు నీళ్ళు వదలమని మా ఆయన బందరు ఆఫీసులకు తిరిగి తిరిగి చెప్పులరిగాయి. నీళ్ళు వరికి గాని గుడ్డకు కాదని అక్కడ అందరూ మర్యాదగానే చెప్పి పంపేవారు. అసెంబ్లీలో లేచి అడిగే మనిషి ఉంటే తప్ప ఇది తేలదని పెద్దలకు తోచింది. ఇంటరు దాకా చదివినవాడు, కాలువ సంగతి కంఠతా వచ్చినవాడు మా ఆయనే.

బావగారు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి అన్నారు:

"నిలబడరా. నేను అడ్డం రాను. కానీ షెడ్డులో సగం నాది. నాలుగేళ్ళుగా అది ఎండాకాలం వచ్చేసరికి చేతులు చాస్తోంది. గెలిచి నీళ్ళు తెచ్చుకో, నా వాటా కూడా నీకే రాసిస్తాను. ఓడితే షెడ్డు మూసేసి గుడివాడ వచ్చి నా మిల్లులో కూర్చోవాలి. సరేనా?"

"సరే అన్నయ్యా," అన్నారు మా ఆయన. ఆలోచించుకోవడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

పెద్దల్లో మా షెడ్డు మేస్త్రీ ఒకరు. మాకు చుట్టం కాదు, కానీ నేను ఆయన్ని మావయ్యా అనే పిలిచేదాన్ని. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇంక ఓడేదేముంది? ఊరు ఊరంతా మనదేగా!" అన్నాడు.

ఊరు ఊరంతా మాదే. కానీ నియోజకవర్గం అంటే ఒక్క ఊరు కాదు. అది నాకు కాళ్ళతో తెలిసింది. గూడూరు వైపు పల్లెలు, సముద్రం వైపు పల్లెలు, మధ్యలో కాలవగట్లు, బస్సు రాని దారులు. మగవాళ్ళు సైకిళ్ళ మీద వెళ్ళేవారు. మా గుర్తు కూడా సైకిలే. మేస్త్రీ గారి భార్యా నేనూ నడిచేవాళ్ళం. పొద్దున బయల్దేరితే ఏ ఇంటి అరుగు మీదో మజ్జిగ తాగి, మళ్ళీ నడిచి, దీపాలవేళకు ఇల్లు చేరేవాళ్ళం. చెప్పిందే చెప్పి చెప్పి నా గొంతు నాకే ఎవరిదో అనిపించేది.

గూడూరు దగ్గర ఒక పల్లెలో వడ్లు ఎండబోస్తున్న ఒకావిడ మమ్మల్ని కూర్చోమని పీట వేసి మరీ అడిగింది.

"మా చేలకే చివర్న నీళ్ళు అందటంలేదు. మీ దుప్పట్లు ఉతుక్కోడానికి కావాలా అమ్మా కాలవ?"

"మీ చేలకు కట్టేశాకే, వారానికో రోజు అడుగుతున్నామండీ."

"అట్టానే అంటారు. మొన్న వచ్చినాయన రోడ్డన్నాడు. అటుమొన్న వచ్చినాయన కరెంటన్నాడు. మీరేమో ఉతుకుడంటున్నారు. మీరే నయంలే, చిన్న కోరిక!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. మేమూ నవ్వాం. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ రాత్రి మా ఆయనకు చెబితే, మర్నాటి నుంచి చివరి పొలాల నీళ్ళ సంగతి కూడా తన మాటల్లో చేర్చుకున్నారు.

మాకున్న అసలు బెంగ వేరు. ఓటు వేసే పద్ధతే ఆ ఏడు మారింది. నేను మొదట ఓటు వేసింది 1955లో, దివిసీమలో మా పుట్టింటి ఊళ్ళో. అప్పుడు ఒక్కో అభ్యర్థికీ ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. మనకు కావలసిన పెట్టెలో కాయితం వేసి రావడమే. కొందరు పెట్టెకు దణ్ణం పెట్టి వచ్చేవారు. ఇప్పుడు అలా కాదు. కాయితం మీద గుర్తులన్నీ వరసగా ఉంటాయి. మనకు కావలసిన గుర్తు ఎదుట రబ్బరు ముద్ర వేసి, మడిచి, అందరికీ కలిపి ఉన్న ఒకే పెట్టెలో వెయ్యాలి. పల్లెల్లో ఈ ముద్ర సంగతి చెప్పడానికే మా పొద్దు గడిచిపోయేది. ఒకే ముద్ర వెయ్యాలని, వేలిముద్ర వెయ్యకూడదని, తడి ఆరకుండా మడవొద్దని చెప్పేవాళ్ళం. నేల మీద బొగ్గుతో గళ్ళు గీసి చూపించేవాళ్ళం.

మా షెడ్డులో కూడా ఒకసారి చెప్పబోయాను. మేస్త్రీ చేతిలో అచ్చు అలాగే పట్టుకుని నావైపు చూశాడు.

"అమ్మాయ్, ముద్ర వెయ్యడం మాకు నేర్పుతావా?"

బల్లల దగ్గరున్న వాళ్ళందరూ గొల్లుమన్నారు. ఒకడు, "అక్కయ్యగారూ, ఏ రంగు కావాలో చెప్పండి, దాంట్లో వేస్తాం," అన్నాడు. నేను కూడా నవ్వి వచ్చేశాను. అద్దకం వాళ్ళ ఓట్ల గురించి ఎవరికీ దిగులు లేదు. మా ఆయనకు లేదు, పెద్దలకు లేదు, పోటీగా నిలబడ్డ వాళ్ళకు కూడా లేదు. వాళ్ళయితే మా పేటలోకి రావడమే మానేశారు.

ఫిబ్రవరిలో పోలింగయింది. ఆ సాయంత్రం మగవాళ్ళ బూత్‌లో మా తరఫున కూర్చున్న కుర్రవాడు వచ్చి నవ్వుతూ ఒక కబురు చెప్పాడు. పొద్దున మా అద్దకం వాళ్ళే ముందుగా వెళ్ళి వరసలో నిలబడ్డారు. పది గంటలయ్యేసరికి ముద్ర వేసే చాటులో ఉన్న బల్ల నిండా ముద్రలేనట. బూత్ ఆఫీసరు గారు చూసి మండిపడ్డారు.

"ఇది బడి బల్లయ్యా! రేపు పిల్లలు దీని మీద రాసుకోవాలి. కాయితం ఇచ్చింది ఎందుకు, బల్ల మీద గుద్దడానికా?"

ఆ తర్వాత లోపలికి వెళ్ళే ప్రతివాడికీ బల్ల మీద ముద్ర వెయ్యొద్దని చెప్పడానికి ఒక బంట్రోతును నిలబెట్టారట. మేమంతా ఆ కబురు విని నవ్వుకున్నాం. ఇద్దరు ముగ్గురు ఆ బంట్రోతులా నడిచి కూడా చూపించారు.

ఓట్ల లెక్కింపు బందరులో. మా తరఫున లెక్క చూసుకోవడానికి నేను కూర్చున్నాను. హాల్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మధ్యాహ్నానికి పల్లెల పెట్టెలన్నీ అయిపోయాయి. పెద్ద పార్టీ ఆయన ముందున్నారు, కానీ మేము ఆయన వెనకే అంటిపెట్టుకుని ఉన్నాం. ఇంక మిగిలినవి మా ఊరి పెట్టెలు. ఆడవాళ్ళ పెట్టె విప్పారు, తేడా తగ్గింది. తర్వాత మగవాళ్ళ పెట్టె విప్పారు.

లెక్కించే ఉద్యోగి ఒక కాయితం విప్పి, "రెండు ముద్రలు," అని పక్కన పెట్టాడు. మళ్ళీ ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. పక్కన పెట్టిన దొంతర పెరుగుతోంది. నేను లేచి వంగి చూశాను. కాయితం మీద నాలుగు గళ్ళు. రెండో గడి మాది. అందులో సైకిలు పక్కన చక్కగా, నిటారుగా, ఒక గీత కూడా చెదరకుండా ముద్ర ఉంది. ఆఖరి గడిలో ఇంకు ఎక్కువై ముద్దగా పడ్డ ఇంకో ముద్ర ఉంది. అన్ని కాయితాల మీదా అంతే. నాకు అర్థమైపోయింది.

అచ్చును రంగులో ముంచి తియ్యగానే ఎవరూ అసలు గుడ్డ మీద పెట్టరు. మొదటి అచ్చు ముద్దగా పడుతుంది. అందుకని ముందు ఒక చిత్తుగుడ్డ మీద ఒకసారి వేసి, ఆ తర్వాత అసలు గుడ్డ మీద వేస్తారు. పొద్దున వెళ్ళినవాళ్ళు బల్లను చిత్తుగుడ్డ చేసుకున్నారు. బల్ల మీద వద్దన్నాక వెళ్ళినవాళ్ళు కాయితం కింది అంచును చేసుకున్నారు.

ఎన్నికల అధికారి గారిని పిలిచి చెప్పాను.

"అయ్యా, కింది ముద్ర ఓటు కాదండీ, చిత్తు. వీళ్ళు అద్దకం వాళ్ళు. చూడండి, కిందిది ముద్దగా ఉంది, పైది శుభ్రంగా ఉంది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో కాయితాన్నీ ఓపికగా చూశారు. "మీరు చెప్పేది నిజమే అయ్యుండచ్చమ్మా. కానీ నాకు కనిపించేది ఇద్దరు మనుషుల గళ్ళల్లో రెండు ముద్రలు. ఏది ఓటో ఏది చిత్తో తేల్చే అధికారం నాకు లేదు."

అవతలి పార్టీ ఏజెంటు ఒకాయన, "అద్దకం వాళ్ళు కదండీ, బోర్డరు కూడా వేసేశారు!" అన్నాడు. హాలంతా నవ్వింది. అధికారి గారు మాత్రం నవ్వలేదు. మళ్ళీ ఒకసారి లెక్క పెట్టించారు. లెక్క మారలేదు.

మా ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"మనవాళ్ళేనా?" అని అడిగారు.

"మనవాళ్ళే."

"అయితే వాళ్ళకి ఇది చెప్పొద్దు," అన్నారు.

కానీ మేము పెడన స్టేషనులో దిగేసరికే కబురు ఊరంతా తెలిసిపోయింది. మేస్త్రీ స్టేషనులోనే ఎదురొచ్చాడు. నమస్కారం లేదు, పలకరింపు లేదు.

"చిత్తు వెయ్యకుండా ఎవడన్నా అచ్చు పెడతాడా అమ్మాయ్? మొదటిది ముద్దగా పడుద్దిగా!"

"పడితే పడింది మావయ్యా. ఆ గడిలోనే ఎందుకు వేశారు?"

"అంచు కదా. అంచున వేస్తే నష్టమేంది?"

"ఆ గడిలో ఇంకో అభ్యర్థి ఉన్నాడు."

"ఎవరు? ఆయన మనూరు రానే లేదుగా!"

మా ఆయన మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఎక్కడ వేశావు బాబాయ్?" అని అడిగారు.

"నేను పొద్దున్నే వెళ్ళాగా. బల్ల మీద వేశా." అని, తలకాయ దించుకుని, "నా ఓటు పడింది," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన పడ్డ సిగ్గు నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

బావగారు మళ్ళీ గుడివాడ బండిలో వచ్చారు. అనుకున్నంత కఠినంగా ఏమీ లేరు. "అలా ఓడటం ఓటమేంరా. నేనన్న షరతు పట్టించుకోకు, ఇంకో ఏడాది చూడు," అన్నారు. మా ఆయనే ఒప్పుకోలేదు.

"అది కాదన్నయ్యా. షెడ్డులోకి నేను అడుగు పెట్టగానే అందరూ మాటలాపేస్తున్నారు. పాట పాడేవాడు పాట ఆపేస్తున్నాడు. అచ్చు రంగులో ముంచి, చిత్తుగుడ్డ మీద వెయ్యబోయి, నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు. దాంతో పని చెడుతోంది. నేను ఉన్నంతకాలం వాళ్ళ చెయ్యి ఆడదు."

నిజమే. ఆ నెలలో చెడినన్ని దుప్పట్లు అంతకు ముందు ఏడాది మొత్తంలో చెడలేదు. నేను పనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడి చూశాను. "మేం ఏం చెయ్యగలం అక్కయ్యగారూ, అన్నం దగ్గర కూడా మాట్లాడటంలేదు ఆయన," అని ఒక్కొక్కరూ అన్నారు. ఎండలు ముదిరాయి, మామూలు ప్రకారం కాలువ కట్టేశారు. మా బల్లలు ఖాళీ అయ్యాయి. ఆ ఏడు అవి మళ్ళీ నిండలేదు.

మేము గుడివాడ వెళ్ళిపోయాం. మా ఆయన మిల్లులో కూర్చునేవారు. 1967లో మళ్ళీ అసెంబ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు పెడన నుంచి ఇద్దరు వచ్చి అడిగారు. ఆయన వాళ్ళకు భోజనం పెట్టించి, స్టేషను దాకా వెళ్ళి బండి ఎక్కించి వచ్చారు. ఓటు వెయ్యడానికి ఇద్దరం నడిచి వెళ్ళాం. వచ్చాక ఆయన చొక్కా కూడా విప్పకుండా పడుకున్నారు. నేను లేపలేదు.

పోయినవి ఇవి. అరవై ఒక్క ఓట్ల తేడాతో అసెంబ్లీ సీటు. రెండు ముద్రలు పడి చెల్లకుండా పోయిన ఎనభై ఎనిమిది మంది ఓట్లు. ఒక షెడ్డు, అందులో తొమ్మిది బల్లలు. పనిచేసే పదిహేడు మందిలో నలుగురు వేరే షెడ్లలో చేరారు, ఇద్దరు మగ్గం పనికి మారారు, పదకొండు మంది ఊరే వదిలేశారు. మేస్త్రీ ఆ తర్వాత అచ్చు పట్టలేదు. ఎండాకాలం నీళ్ళు రాలేదు.