తొమ్మిది రోజులకు మూడడుగులు

నా చిన్నప్పుడు కాటన్‌పేటలో మా తాతయ్య ఎండుమిర్చి అంగడిలో ఒక పద్ధతి నడిచేది. ఇవాళ్టి ధరకే సరుకు నాలుగు రోజులో తొమ్మిది రోజులో ఆపిపెట్టమని కొంచెం బయానా కట్టవచ్చు. ధర పెరిగితే పాత ధరకే తీసుకుంటారు, తగ్గితే బయానా వదులుకుంటారు. ఎంత బయానా అడగాలో తేల్చడానికి తాతయ్యకు ఒక కొండగుర్తు ఉండేది. పెరిగిందా తగ్గిందా అన్నది కాదు, ధర రోజుకు ఎంత కదులుతోందన్నదే చూసేవాడు. నాలుగు రోజులకైతే ఆ కదలికకు రెండింతలు బయానా, తొమ్మిది రోజులకైతే మూడింతలు. ధర ముందుకూ వెనక్కూ అడుగులేస్తుంది కాబట్టి తొమ్మిది రోజులు నడిచినా తొమ్మిది అడుగుల దూరం పోదట.

పదేళ్లకే ఆ కిటుకు పట్టేశానని నా కాళ్లు నేలమీద నిలిచేవి కావు. నెల రోజుల ధరలు నోటుబుక్కులో రాసుకున్నాను. బస్తాకు రోజుకు రూపాయి కదలిక తేలింది.

పక్కింటి అక్క కారప్పొడి కొట్టించి ఒక హాస్టల్‌కు ఏడాది పొడుగునా ఒకే ధరకు ఇచ్చేది. ఆ ఇల్లు దానిమీదే గడిచేది. బయానా కట్టడానికి వస్తూ నన్నడిగింది. “తొమ్మిది రోజుల్లో ధర మూడు రూపాయలకు మించి పెరగదక్కా, బయానా దండగ” అన్నాను, పెద్ద మొనగాడిలా. నవ్వి వెనక్కి వెళ్లిపోయింది.

ఐదో రోజు అంగడిలో ధర విని కొయ్యబారిపోయాను. కళ్లాల్లో ఆరబోసిన మిర్చి అకాల వానకు తడిసిపోయిందట. బస్తాకు ఒక్కసారిగా నలభై రూపాయలు పెరిగింది!

అక్క అంగడి మెట్టుమీద కూలబడింది. “బయానా ఏల కట్టలేదమ్మా? ఎవరన్నా వద్దనిరా?” అని తాతయ్య అడిగాడు.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది. “ఎవురూ లేదప్పా. నేనే లెక్కేసి వద్దనుకుంటిని.”

“నిమ్మళంగా ఉండే దినాలే కొలిస్తే నిమ్మళమే కనపడుతుందమ్మా. వాన దినం ఆ లెక్కలో యాడుండాది?”

నా నోటుబుక్కులో ఒక్క వాన రోజూ లేదు. అది నాకు తట్టనే లేదు. అంతకన్నా అక్క ఆడిన అబద్ధమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. పాత ధరకు కారప్పొడి ఇవ్వలేక హాస్టల్ బేరం ఆ నెలలోనే పోయింది. అక్క నా పేరు ఎన్నడూ ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు, సిగ్గుచేటు.

ఇప్పుడు సర్జాపురలో మా మనవరాలు ఫోన్‌లో షేర్ల ఆప్షన్లు, అంటే ఈ కాలపు బయానాలు, చూస్తూ, ఏడాది ఒడుదుడుకుల శాతాన్ని పదహారుతో భాగిస్తే రోజు కదలిక వస్తుందని నాకే పాఠం చెబుతుంది. ఏడాదిలో బేరం సాగే రోజులు రమారమి పదహారు పదహార్లు కాబట్టి అది తాతయ్య కిటుకే. ఏ రోజులు కొలిచావని అడుగుతాను. ఆ లెక్క ఎవరికైనా చెప్పావా అని కూడా అడుగుతాను. లెక్క తప్పుతుందని నాకు భయం లేదు. దాన్ని నమ్మి నష్టపోయినవాళ్లే మనల్ని వెనకేసుకొస్తారే, దానికి భయం.