చెరకు పిప్పి, పంచదార డబ్బా

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టే ముందు, యావత్ చెరకు రైతాంగానికీ, ట్రాక్టరు డ్రైవర్లకూ, మా వంశంలో ఉన్నవాళ్ళకూ పోయినవాళ్ళకూ సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఈ పోస్టు పెట్టకూడదని ఎంతో నిగ్రహించుకున్నాను... దాదాపు టీ చల్లారేంతసేపు.

సరే. మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లోంచి పంచదార వెళ్ళిపోయింది.

మా ఊరు ఉయ్యూరుకి దగ్గర. చుట్టూ చెరకే. అలాంటి ఊళ్ళో పంచదార మానేయడమంటే బందరులో కాపురముండి చేపలు మానేయడం లాంటిది.

కారణం... మా తాతయ్య ఎడమకాలి బొటనవేలు. తోటలో చెరకు మోడు గుచ్చుకుంది. నెల దాటినా పుండు మానలేదు. గుడివాడ తీసుకెళ్తే డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి షుగరన్నారు. మందులిచ్చి, తీపి పూర్తిగా ఆపమన్నారు. మళ్ళీ నెలకి చూస్తాననీ, అప్పటికీ దారికి రాకపోతే వేలు తీసేయాల్సి వస్తుందనీ చెప్పారు.

తిరుగు బస్సు దిగేలోపే మా అమ్మ చట్టం తయారు చేసేసింది. మావయ్యగారిని ఒక్కర్నీ మానమంటే మానరు, కాబట్టి ఇంటిల్లిపాదీ మానాలి. అంతే... చర్చ లేదు.

పంచదార, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, జామ్ సీసా అన్నీ పోయాయి. (జామ్ సీసా నాది. ఇప్పటికీ బాధే.) ప్యాకెట్లో వచ్చే ప్రతిదాన్నీ అమ్మ వెనక్కి తిప్పి, వేలుపెట్టి చదివేది. చక్కెర మాట కనిపిస్తే అది పక్కింటికి. బందరు నుంచి పెదనాన్న తెచ్చిన లడ్డూలు మూత తియ్యకుండానే దారినపోయే ట్రాక్టరు డ్రైవరుకి దానమైపోయాయి. వచ్చిన చుట్టాలు చప్పిడి కాఫీ తాగి, "బాగుందండీ" అనేసి... మళ్ళీ రాలేదు.

ఖాళీ అయిన పంచదార డబ్బాని అమ్మ కడిగి, ఎండబెట్టి, అందులో తాతయ్య మాత్రలు పెట్టింది. పొద్దున లేవగానే ఆవిడ మొదట తెరిచేది ఆ డబ్బానే. గుర్తుంచుకోండి, దాంతో పనుంది.

మూడు వారాలయ్యాయి. ఇంటిల్లిపాదీ తగ్గాం... పుండు తప్ప.

అమ్మకి దిగులు పట్టుకుంది. తన వంటలోనే ఏదో పొరపాటుందని అన్నం గరిటెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నిద్రపోతున్నట్టు కూడా కనిపించేది కాదు.

పొరపాటు ఎక్కడుందో నాకు తెలుసు.

సాయంత్రం నేను బడినుంచి రాగానే తాతయ్య కుంటుకుంటూ ఇంటిముందు కాలవగట్టుకి వచ్చి కూర్చునేవాడు. ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టర్లు ఆ మలుపులో నెమ్మదిస్తాయి. నేను పరిగెత్తి వెనకనుంచి రెండు గడలు లాగేవాణ్ణి... ఒకటి నాకు, ఒకటి ఆయనకి. అరవై ఎనిమిదేళ్ళ వయసులో కూడా పళ్ళతోనే ఒలిచేవాడు. ఆ పళ్ళంటే ఆయనకి మహా గర్వం. పిప్పి కాలవలో పారెయ్యడం నా డ్యూటీ. ఎవరిముందూ నోరు విప్పనని ఆయన తలమీద చెయ్యిపెట్టి ఒట్టు కూడా వేశాను.

ఒకసారి అడిగాను, ఇది మాత్రం తీపి కాదా తాతయ్యా అని.

"ఒరేయ్ పిచ్చోడా, ఫ్యాక్టరీలోకెళ్ళి బయటికొచ్చాకే అది పంచదార. అప్పటిదాకా పైరు. పైరు తింటే షుగరొస్తుందా? రోజూ చెరకాకు మేస్తోందిగా మన గేదె... దానికొచ్చిందా?"

నాలుగో తరగతి సైన్సు పుస్తకంలో దీనికి జవాబు లేదు. నేను వెతికాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నాయనమ్మ ఆయన కట్టు మారుస్తోంది. నీళ్ళ గిన్నె పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. వేలు నేరేడుపండు రంగులో ఉంది. నాయనమ్మ పుండు కడుగుతుంటే తాతయ్య తాపీగా పేపరు చదువుకుంటున్నాడు.

"నొప్పిలేదా తాతయ్యా?"

"అస్సల్లేదురా. తగ్గిపోతోందిగా."

నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. నొప్పుంటే ఫరవాలేదు, తెలియకపోతేనే భయపడాలని డాక్టరుగారు చెప్పిన మాట మా అందరికీ తెలుసు... పేపరు చదువుతున్నాయనకి తప్ప. పుండు తుడిచి మళ్ళీ కట్టు కట్టింది.

మర్నాడు పొద్దున అమ్మ డబ్బా మూత తీస్తే, మాత్రల మీద గుప్పెడు చెరకు పిప్పి. ఇంకా తడి ఆరలేదు.

అమ్మ డబ్బాని అలాగే తీసుకెళ్ళి తాతయ్య ముందు పెట్టింది. ఆయన పిప్పివైపు చూశాడు. నాయనమ్మవైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని పైరు, ఫ్యాక్టరీ, గేదె అంటూ వాదన మొత్తం కోర్టులో చెప్పినట్టు చెప్పాడు. అమ్మ ఆఖరిదాకా వింది.

"గేదెకి వేలు తీస్తామని ఏ డాక్టరూ చెప్పలేదు మావయ్యగారూ."

గొంతు పెంచలేదు.

తాతయ్య ఆ రోజే చెరకు మానేశాడు. గడువు రోజుకి పుండు కాస్త తగ్గుముఖం పట్టిందని డాక్టరుగారు ఇంకో నెల ఇచ్చారు. ఎండలు ముదిరేసరికి మానింది. వేలు దక్కింది.

ఆ తర్వాత తాతయ్య తొమ్మిదేళ్ళు బతికాడు... పది కాలివేళ్ళతో. ఆ తొమ్మిదేళ్ళూ నాయనమ్మని "మొగుణ్ణి పట్టిచ్చిన మహాతల్లి" అని దెప్పుతూనే ఉన్నాడు. ఆవిడ ఒక్కసారి కూడా కాదనలేదు. ఆయన అన్నప్పుడల్లా నావైపు చూసి, నా కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసేది.

ఇప్పుడు ఆ పంచదార డబ్బాలో అమ్మ తన షుగరు చూసుకునే మిషన్ ఉంటుంది. తీపి తినొద్దని గుర్తుచెయ్యడానికి అమ్మ ఫోన్లో యాప్ ఉంది. కాలవగట్టు మలుపులో చెరకు ట్రాక్టర్లు కనిపించడం తగ్గిపోయింది... కనిపించినా, ఒక గడ లాగితే రెండోది ఎవరికి లాగాలో తెలియదు.

మీ ఇంట్లో తీపి ఎవరు దాచుకుని తినేవారో, ఎవరు పట్టిచ్చేవారో కింద రాయండి. మీరు ఒప్పుకుంటే నాకూ ధైర్యం వస్తుంది.

పోన్లెండి... ముందు నేనే ఒప్పుకుంటాను.

తాతయ్యా, ఆ పొద్దున డబ్బాలో పిప్పి పెట్టింది నాయనమ్మ కాదు... నేనే.

ఒట్టు మాత్రం తప్పలేదు. నోరు విప్పలేదు.