కడబంతి నుంచి లేచాను

నేను చిక్కానని మా వీధిలో ఎవరూ సంతోషించలేదు. మా వైపు ఒళ్ళు తగ్గిందంటే జబ్బన్నా ఉండాలి, మనోవ్యాధన్నా ఉండాలి. ఎదురింటావిడ గేటు దగ్గర ఆపి, "ఏంటండీ అలా అయిపోయారు, ఏం మందు వాడుతున్నారు?" అని గొంతు తగ్గించి అడిగింది. టైముకి అన్నం తింటున్నానని చెప్పాను. ఆవిడ నమ్మలేదు, ఏదో దాస్తున్నాననుకుంది. దాచడానికేమీ లేదు కాబట్టే రాస్తున్నాను.

పెళ్ళై ధవళేశ్వరం వచ్చిన మర్నాడే మా అత్తగారు ఈ ఇంటి పద్ధతి చెప్పారు. వండినమ్మ ఆఖర్న తినాలి. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత అత్తగారు, అందరూ చేతులు కడుక్కున్నాక కోడలు. మా పుట్టింట్లోనూ అంతే కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. ఇరవై నాలుగేళ్ళు అలాగే తిన్నాను. తిన్నాననడం కూడా తప్పే, ఖాళీ చేశాను. కంచం పెట్టుకునేదాన్ని కాదు. వంటగట్టు దగ్గర నిలబడి గిన్నెలోనే కలుపుకునేదాన్ని: అడుగున మిగిలిన పప్పు, పొద్దుటి ఉప్మా, మా అబ్బాయి వదిలేసిన పెరుగన్నం, నిన్నటి వంకాయ కూర. చేపల పులుసు రోజున ముక్కలన్నీ వాళ్ళ కంచాల్లోకి వెళ్ళిపోయి, నాకు పులుసు మిగిలేది. అది అయ్యేవరకు అన్నం కలుపుతూనే ఉండేదాన్ని. పారబోస్తే అన్నపూర్ణకి కోపం వస్తుందని అత్తగారు అనేవారు. అన్నపూర్ణకి కోపం రాకుండా చూసి చూసి నేను ఎనభై ఆరు కిలోలకి వచ్చాను.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆ సామెత పుట్టించినవాడు ఎన్నడూ గరిటె పట్టి ఉండడు. మా ఇంట్లో వడ్డించేదీ నేనే, కడబంతీ నేనే.

నలభై ఎనిమిదో ఏట మోకాళ్ళు మొరాయించాయి. బ్యారేజీ పక్కన నేను పనిచేసే ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. మెట్ల మధ్యలో ఆగి, ఫోన్ చూస్తున్నట్టు నటించేదాన్ని. రాజమండ్రిలో పరీక్షలు చేయిస్తే, సుగరు వచ్చేలా ఉందన్నారు. డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. "మూడు నెలలు చూద్దామండి. తగ్గకపోతే మాత్రలు మొదలెట్టేద్దాం," అంది. ఈలోగా ఏం తింటున్నానో, ఎంత తింటున్నానో వారం రోజులు రాసుకు రమ్మంది. ఇదే వయసులో మాత్రలు మొదలుపెట్టిన మా అమ్మ చివరిదాకా వాటిని ఆపలేదు. నాకు భయం వేసింది.

రాయడానికి కూర్చుంటే పెన్ను కదల్లేదు. ఇంట్లో ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారో చెప్పగలను. నేనెంత తిన్నానో తెలియదు. ఆ ఖాళీ కాగితం చూస్తుంటే భయం పోయి ఒళ్ళు మండింది.

మర్నాడు ఆదివారం. అబ్బాయి కాకినాడ హాస్టల్లో ఉంటాడు కాబట్టి ఇంట్లో ముగ్గురమే. కొర్రమీను పులుసు చేసి, బల్ల మీద మూడు కంచాలు పెట్టాను.

"ఎవరన్నా వస్తున్నారా?" అన్నారు అత్తగారు.

"నేనేనండి," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండు నడిమి ముక్కలు నా కంచంలో వేసుకున్నాను.

మావారు తలెత్తలేదు. ఇలాంటప్పుడు ఆయనకి సరిగ్గా ముల్లు దొరుకుతుంది.

"వండినమ్మ ఆగాలమ్మా. మాకు మారు ఎవరు వడ్డిస్తారు?"

"గిన్నెలు ఇక్కడే ఉన్నాయి కదండీ. ఎవరికి కావలసింది వాళ్ళం వేసుకుందాం."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని ఆవిడ గోడకి చెప్పారు.

వేడివేడిగా, ముక్కతో, కూర్చుని తింటే రెండు గరిటెల అన్నానికే కడుపు నిండింది. నేను బిత్తరపోయాను. ఇన్నేళ్ళూ తిండిపోతునని లోపల్లోపల సిగ్గుపడ్డాను. నా ఆకలి వేళకి నాకెవరూ అన్నం పెట్టలేదు, నేనూ పెట్టుకోలేదు, అంతే. మిగిలిన పులుసు మర్నాటికి దాచాను. ఆ మర్నాడు కూడా మిగిలితే, అన్నంలో కలిపి వీధి కుక్కకి పెట్టాను. అన్నపూర్ణకి దణ్ణం పెట్టుకుని లెంపలేసుకున్నాను. తర్వాత బియ్యం కొలత తగ్గించాను. సాయంత్రాలు కాలువ గట్టున నడిచాను కూడా, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

రెండో నెలలో పాలకొల్లులో అత్తగారి చెల్లెలింట గృహప్రవేశం. నేను మొదటి బంతిలోనే కూర్చున్నాను. ఆ పిన్నత్తగారు వచ్చి, "ఇంటి కోడలివి, చుట్టాలు తిన్నాక కూర్చుందువుగాని లేమ్మా," అన్నారు. ఆకలేస్తోందండీ అన్నాను. లేవలేదు. మా వైపు చాలు అంటే ఎవరూ నమ్మరు, మొహమాటమనుకుంటారు. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే రెండో బొబ్బట్టు పడింది, దాని మీద కాచిన నెయ్యి. చెయ్యి చురుక్కుమంది. బొబ్బట్టు ముట్టుకోకుండా ఆకు మడిచి లేచాను. తిండి వదిలేసి విస్తరి ముందు నుంచి లేవడం నా జీవితంలో అదే మొదలు. తిరిగొచ్చేటప్పుడు అత్తగారు బస్సులో వేరే సీట్లో కూర్చున్నారు.

మూడో నెల దాటేసరికి తొమ్మిది కిలోలు తగ్గాను. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ మాత్రలు అక్కర్లేదంది. ఇంటికొచ్చేసరికి అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. సంగతి చెప్పాను. ఆవిడ తలెత్తకుండానే ఇంకో కాయ అందుకున్నారు.

"నాకు సుగరొచ్చి ముప్ఫై ఏళ్ళు," అన్నారు. "నేనూ నీలాగే గిన్నెలు ఊడ్చినదాన్నే. మా అత్తగారు పోయేదాకా నన్ను ముందు కూర్చోమన్నవాళ్ళు లేరు. ఇరవై ఆరేళ్ళు ఆగాను. నువ్వు ఒక్క ఆదివారంలో కూర్చునేశావు."

ఇన్నాళ్ళూ ఆవిడది చాదస్తమనుకున్నాను. కాదు, కడుపుమంట. న్యాయమైన మంటే. అయినా తగ్గదలచుకోలేదు.

"అయితే మీరు పోయేదాకా నేనూ ఆగాలాండీ?" అన్నాను.

ఆవిడ చేతిలోని కాయని పళ్ళెంలో పడేశారు. కోప్పడతారనుకున్నాను.

"వద్దమ్మా," అన్నారు. "నాకూ ఆకలేస్తోంది. రా, తినేద్దాం."