ఉప్పుగాలి

టెక్కలి శివారు బైబిలు కాలేజీలో ఆడపిల్లల ప్రార్థన బృందానికి సలోమి పాటే ముందు. కళ్లు మూసుకుని, చీరచెంగు వేలికి చుట్టుకుంటూ పాడుతుంది. తూర్పు నుంచి ఉప్పుగాలి వీస్తే మాత్రం చరణం మధ్యలో ఆగి, అటు తిరిగి గట్టిగా ఊపిరి తీసుకుంటుంది. నాయకురాలు షైని ప్రతి సాయంత్రం అందరినీ ప్రార్థన అవసరాలు అడుగుతుంది. "నాకేటీ లేదక్కా" అంటుంది సలోమి. సముద్రపొడ్డున భావనపాడులో చేపలు ఎండబెట్టే తల్లి, కూతురు బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఆమెతో మాట్లాడటం లేదని ఎవరికీ చెప్పలేదు.

ఒక శనివారం బృందం సువార్త పాటలకు భావనపాడే వెళ్లింది. వీధి మలుపులో, ఎండబెట్టిన చేపల మధ్య తల్లి కనబడింది. సలోమి పాట వదిలేసి వెళ్లి, పక్కన కూర్చుని చేపలు తిరగేయసాగింది. తల్లి తలెత్తకుండానే అడిగింది.

"సిక్కిపోనావు. ఆడ కూడెట్టరేటి?"

"ఎడతారమ్మా."

"మరి ఇంటికి రావేటి?"

"నువ్వు రమ్మన్నేదు కదే."

తల్లి చేతులు ఆగాయి. "రమ్మంటే ఒచ్చి ఉండిపోతావేటి, మల్లీ ఎల్లకండా?"

సలోమికి ఇల్లు కావాలి, ఆ పాటా కావాలి. అవతల షైని పిలుస్తోంది. తల్లి చెంబు తెచ్చి, పొలుసులంటిన కూతురి చేతుల మీద నెమ్మదిగా నీళ్లు పోసింది.

"ఎల్లు. ఆలు పిలుత్తన్నారు" అంది.