వేరు పొడి, క్రేన్ సీటు

ఆ రోజు క్రేన్ లివర్ మీద నా చెయ్యి నా మాట వినలేదు! పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో విశాఖ రేవులో క్రేన్ నడిపేవాణ్ణి. ఓడలోంచి లేపిన బస్తాలు గాలిలో ఊగుతుంటే, కింద సైగలు చేసే అప్పలరాజు హడలిపోయాడు.

"ఏటి బావా, సెయ్యి అలా వణుకుతంది?"

అప్పటికే నా నడక మందగించింది. ముఖంలో నవ్వు లేదు, దేని మీదా ఆశ లేదు. ఫోర్‌మన్ నన్ను దింపేసి క్రేన్ ఇనుప తాళ్లకు గ్రీజు రాయమన్నాడు. ఇక ఆ సీటు నాది కాదేమోనని కుమిలిపోయాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు నా మణికట్టు ఆడించి చూశారు. "రిజిడిటీ, ట్రెమర్... బిగుసుకోవడం, వణుకు. పార్కిన్సనిజమ్‌లా ఉంది. ఏ మందులు వాడుతున్నావు?"

"బీపీకి రిసర్పిన్ మాత్ర ఒక్కటేనండి."

మా ఆవిడ పైడమ్మ ఊరుకుంటుందా! బొడ్లోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "మరిదేటి? తగరపువలస సంతలో కొని రెండు పూటలా మింగతన్నావు కదా!"

"అది మందేటి? సర్పగంధ వేరు పొడి!" అని కసిరాను. ఏటా జరిగే మెడికల్‌లో బీపీ ఎక్కువుంటే సీటు పోతుందని, పరీక్షకు ముందు మాలో కొందరం ఆ పొడి మింగేవాళ్లం. నేను పరీక్ష అయ్యాక కూడా మానలేదు.

డాక్టరుగారు కుర్చీలోంచి లేచిపోయారు. "రిసర్పిన్ ఈ వేరులోదేనయ్యా! ఒకే మందు రెండు దారుల్లో మింగుతున్నావు. ఒంటి కదలికల్ని సరిగ్గా నడిపే డోపమైన్ మెదడులో చిన్న చిన్న సంచుల్లో భద్రంగా ఉంటుంది. ఈ మందు దాన్ని ఆ సంచుల్లోకి పోనివ్వదు. బయట మిగిలినదాన్ని ఎంజైమ్ ఆక్సిడేషన్ చేసి, అంటే తుప్పు పట్టించినట్టు, పాడుచేస్తుంది. అందుకే నీకు డోపమైన్ కరువు."

గోడౌన్‌కు చేర్చని ఇనుము మా సముద్రపు గాలికి తుప్పు పట్టడం నేను రోజూ చూసేదే. జబ్బు అర్థమయ్యేసరికి సగం భయం పోయింది.

"నా సెయ్యి తిరిగొస్తాదా బాబూ?"

"చాలామందికి వస్తుంది. ఓపిక పట్టు."

రెండూ మాన్పించి వేరే మాత్ర ఇచ్చారు. మూడు వారాలైనా వణుకు తగ్గలేదు, పైగా బీపీ ఎగిరింది. డోసు మార్చారు. నా పని అయిపోయిందని ఏడ్చాను కూడా. రెండో నెలలో ఒక ఉదయం చొక్కా బొత్తాలు నేనే పెట్టుకున్నాను! పైడమ్మ కేకేసి ఇరుగుపొరుగును పిలిచింది.

సీటు తిరిగి ఇవ్వడానికి ఫోర్‌మన్ పరీక్ష పెట్టాడు. నేల మీద రేకు డబ్బా బోర్లించి, "బరువు దానికి తగలాలి, అది నలగకూడదు" అన్నాడు. లివర్ పట్టి బరువును మెల్లగా దించాను. చెయ్యి వణకలేదు.

"తగిలింది బావా, తగిలీసింది!" అప్పలరాజు గంతులేశాడు.

ఇప్పుడు ఎనభైలు సగం దాటాయి, ఇంకా ఆ సీట్లోనే ఉన్నాను. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో మింగేవన్నీ, వేరైనా ఆకైనా సరే, పట్టుకెళ్లి చూపించండి. నా మందులన్నీ ఆ రోజు ఫోర్‌మన్ బోర్లించిన రేకు డబ్బాలోనే పెట్టి తీసుకెళ్తాను. దానికి ఒక్క సొట్ట కూడా లేదు!