నిమియక్క కుర్చీ

మా ఎంకార్నాసియోన్ రేవు క్లబ్బులో పేకాట కుర్చీలు ఆరే. ఏడాది మొదట్లో తలకో డబ్బా బొబ్బర్లు ఇస్తారు. శనివారం శనివారం వాటితోనే పందేలు. డబ్బా ఖాళీ అయితే కుర్చీ ఖాళీ. అరువు లేదు, జాలి అసలే లేదు. నేను వదిలేసిన కాలేజీలో ఇంత తిన్నని రూలు ఒక్కటీ లేదు.

నా పక్క కుర్చీ నిమియక్కది. కార్నివాల్ ఆడపిల్లలకి ఈకల కిరీటాలు కుట్టి బతుకుతుంది. వారమంతా ఒంటరిగా ఈకలతో కుస్తీ, నోరు విప్పేది ఇక్కడే. ఈ కుర్చీ పోతే ఆమెకి శనివారమే లేదు. ఆ రోజు డబ్బా అడుగున కాసిని గింజలే మిగిలాయి. ఎప్పుడు కుర్చీ ఖాళీ అవుతుందా అని కాచుకున్న మందుల షాపు విల్‌ఫ్రీదో అప్పుడే వచ్చి, ఆమె కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"చెయ్యి తియ్‌రా, నేనింకా చావలేదు."

"నిలబడ్డానంతే అక్కా, నీడగా ఉందని."

మా ఆటలో చేతికి నాలుగు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. చేతిలోవి రెండే, బల్ల మీదవి మూడే కలపాలి. పందెం మధ్యలో ఉన్న కుప్పని మించకూడదు. ఐసు నీళ్లలో ఆకు నానేసిన తెరెరే తాగే కొమ్ము ఆటాటకీ చేతులు మారుతుంది, అది ఎవరి ముందుంటే చివరి మాట వాళ్లది. ఎటూ కాని ముక్కలతో నిమియక్క దిగేది కొమ్ము తన ముందున్నప్పుడే. అందరి వాలకం చూశాక, అదీ చవగ్గా.

"తలకి నాలుగేసి ముక్కలురా. నీకు బాగున్నాయంటే ఇంకెవడికో ఇంకా బాగుంటాయి," అనేది నాతో.

బల్ల మీద మూడు ఆఠీన్లు పడ్డాయి. బియ్యం మిల్లు క్రిస్పిన్ మామ కుప్పంత పందెం కాశాడు. నిమియక్క తన ముక్కలు తిప్పి, అందరికీ చూపించి మరీ పారేసింది. ఆఠీను ఎనిమిది, తొమ్మిది!

"ఐదూ ఒకే రంగు కదే! పారేస్తావా?" నవ్వి నవ్వి మామకి పొలమారింది. "ఈకలు కుట్టీ కుట్టీ కోడిపెట్టవైపోయావు!"

"పెట్ట గుడ్డన్నా పెడుతుంది. పుంజుకి కూతొక్కటే."

ఆమెని ఉడికించాలని మామ తన ముక్కలు చూపించాడు. ఆఠీను రాజు, పది, ఆమెవాటికన్నా పెద్దవి. విల్‌ఫ్రీదో మొహం వాడిపోయింది.

కొమ్ము తిరిగి తిరిగి నిమియక్క ముందుకొచ్చింది. ఈసారి బల్ల మీద మూడు ఇస్పేట్లు. ఐదో ముక్క కూడా పడ్డాక మామ కొంచెం కాశాడు. మిగతావాళ్లం చేతులెత్తేశాం. నిమియక్క తెరెరే ఓ గుక్క పీల్చి, డబ్బా మొత్తం వంచేసింది.

మామ నవ్వు ఆగిపోయింది. ఆయన డబ్బా కూడా ఏమంత బరువుగా లేదు.

"ఇందాక ఒకే రంగు ఐదు పారేసినదానివి. ఆసు లేకుండా నువ్విట్లా వంచవు."

"ఉంది ఆసు."

"నాకు తెలుసే!" మామ ఇస్పేటు రాజునీ, దాని తోడు ఇస్పేటునీ బల్లకేసి కొట్టి ఆట వదిలేశాడు.

పేక కలిపే వంతు నాది. ఆమె ముక్కలు నా చేతికొచ్చాయి. ఇస్పేటు ఆసు ఉంది. దానికి తోడు ఇంకో ఇస్పేటు లేదు, ఒకే రంగు ఐదు కావు. ఆసు తన దగ్గరుంటే మామ దగ్గర లేనట్టే, ఆయనకి దడ తప్పదని లెక్కేసింది, అంతే. నేను వాటిని గబుక్కున పేకలో కలిపేశాను.

నిమియక్క గింజలు డబ్బాలోకి తోసుకుంటూ వెనక్కి తిరక్కుండానే అంది:

"విల్‌ఫ్రీదో, ఎలాగూ నిలబడే ఉన్నావుగా, కాస్త ఐసు పట్రా. కొమ్ము వేడెక్కింది."