కొండకు పెట్టిన సాక్షి

నా కుడిచెయ్యి విరగ్గొట్టిన మనిషి మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. మీదిపల్లె నుంచి ఆయన చిన్నకొడుకు సైకిలు మీద వచ్చి బడి వాకిట్లో నిలబడి, "అయివారూ, నాయన పాయె" అన్నాడు. ఎవరైనా ఏమైనా చేశారా అని అడగబోయి ఆగాను. వాడే చెప్పాడు. "మంచంలోనే పాయె. మజ్జిగ అడిగినాడు. తెచ్చేలోపల అయిపోయినాడు."

ఆయన మంచంలో పోతాడని మా రెండు పల్లెల్లో ఎవరూ అనుకోలేదు. ఆయనా అనుకొని ఉండడు. తలుపుకు వీపు పెట్టి ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. ఎవరింటికి పోయినా ముందు గోడ చూసుకొని, దానికి వీపు ఆనించి, గొడ్డలి మోకాళ్ల మీద పెట్టుకొని అప్పుడు మంచినీళ్లు అడిగేవాడు.

నాకు ఆయన చుట్టం కాదు. మామ అని పిలిచేవాణ్ణి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పెద్దవాళ్లను అలా పిలవడం మామూలే. కానీ మా కిందిపల్లె వాళ్లు మీదిపల్లె వాళ్లను ఏ వరసా పెట్టి పిలిచేవాళ్లు కాదు. రెండు పల్లెలకూ నడుమ ఒక కొండ, ఒక పగ ఉండేవి. నాకు ఊహ తెలిసేనాటికే ఆ పగకు కారణం ఎవరికీ సరిగా గుర్తులేదు. చచ్చినవాళ్ల పేర్లు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

వాళ్లలో చివరివాడు మా పల్లె మనిషి. ఒక కేసులో సాక్షి చెప్పడానికి ప్రొద్దుటూరు కోర్టుకు బయలుదేరాడు. పెన్నా ఇసుకలో పట్టపగలు నరికేశారు. ఆ కేసులో మామ పేరు ఉంది. చూశామని చెప్పేవాళ్లు లేక కొట్టేశారు. ఆ తర్వాత మా పల్లెలో సాక్షి అనే మాట పైకి అనడానికే జంకేవాళ్లు. పెళ్లిలో పురోహితుడు అగ్నిసాక్షిగా అంటే ఒకరిద్దరు తల తిప్పి వెనక్కి చూసేవాళ్లు.

ఆంధ్రరాష్ట్రం వచ్చి కర్నూలులో రాజధాని పెట్టిన కొత్తలో మా రేవు దగ్గర వంతెన కడతారన్నారు. పులివెందుల వైపు నుంచి వచ్చే బండ్లు జమ్మలమడుగు పోవాలంటే అక్కడే ఏట్లో దిగాలి. వానలు పడితే బండ్లు ఆ ఒడ్డునే ఆగిపోయేవి. వంతెనకు దారి తియ్యాలంటే మా కొండ అంచును తొలచాలి. కొండ నిలుస్తుందా, జారుతుందా చూసి చెప్పమని ప్రభుత్వం రాళ్ల చదువు చదివిన ఒక సారును పంపింది. ఆయన మీదిపల్లె పక్కన డేరాలు వేశాడు. కోస్తా వైపు మనిషి. సుత్తితో రాయి కొట్టి, పగిలిన ముఖాన్ని నాలుకతో తడిపి చూసేవాడు. మా వాళ్లు "రాళ్లు నాకే సారు" అని పేరు పెట్టారు.

కొండ నిలుస్తుందని ఆ సారు చెబితే దారి మీదిపల్లె వాకిట్లో నుంచి పోతుంది. నిలవదంటే వంతెన దిగువకు జరిగి మా చేల వైపు వస్తుంది. దారి ఎటు పోతే మేలు ఆ పల్లెకే. ఈ సంగతి రెండు పల్లెలకూ తెలుసు. అప్పటిదాకా కొండను కట్టెలకూ మేపుకూ తప్ప పట్టించుకోనివాళ్లు కూడా దాన్ని తలెత్తి చూడడం మొదలుపెట్టారు.

పైన గట్టిబండ, దాని కింద పలకలు పలకలుగా ఊడే మెత్తరాయి. కొండ నడుమున ఒక నెర్రె ఉందని సారు కనిపెట్టాడు. సరిగ్గా ఆ నెర్రె కిందే మా పల్లె. ఆయన ప్రొద్దుటూరులో పటాలు కట్టే అంగట్లో అద్దాన్ని సన్నటి ముక్కలుగా కోయించుకొచ్చి, నెర్రెకు అడ్డంగా అక్కడక్కడా సున్నంతో అతికించాడు. రెండు పల్లెల వాళ్లనూ పిలిచి చూపించాడు. మేమొక పక్క, వాళ్లొక పక్క నిలబడ్డాం.

"అద్దం సాగదండీ," అన్నాడు. "నెర్రె కాస్త విచ్చుకున్నా విరుగుతుంది. విరిగితే కొండ కదిలిందని మనకు తెలుస్తుంది. ఇది సాక్షి లాంటిదన్నమాట."

ఆ మాటకు మా వాళ్లు ఒకరిద్దరు తల తిప్పి వెనక్కి చూశారు. అప్పుడు మీదిపల్లె గుంపులో నుంచి ఒక మనిషి గట్టిగా నవ్వాడు. ఆయనే మామ.

"మంచి సాక్షిని పట్టుకొచ్చినావు సారూ! దీనికి పెండ్లాం ల్యా, బిడ్డల్లేరు, పార్టీ ల్యా. ఏం పెట్టి బెదిరిస్తారు దీన్ని? నిజమే చెప్తాది."

సారుకు ఆ మాట నచ్చినట్టుంది. అద్దాలకు కావలి ఆయన్నే పెట్టాడు. ఆయన కావలి ఉన్నచోట ఎవరూ చెయ్యి పెట్టరని మీదిపల్లె వాళ్లే చెప్పి ఉంటారు. అది నిజం కూడా. మేకల వాళ్లు సైతం ఆ వైపు పోవడం మానుకున్నారు.

కార్తీకంలో తుఫాను వాన పట్టింది. నేను జమ్మలమడుగు పోయి తిరిగి వస్తుంటే ఏటి పక్క దారి మునిగిపోయింది. కొండ మీదుగా వచ్చాను. నెర్రె దగ్గర ఒక అద్దం రెండు ముక్కలై ఉంది. బడిపంతులును కదా, విరిగిన వస్తువు కనిపిస్తే చేతిలోకి తీసుకొని చూస్తాను. వంగి ఒక ముక్క తీశాను.

"దొరికినావు రా!"

తల ఎత్తేసరికి ఆయన ఎదురుగా ఉన్నాడు. "నేను కాదప్పా, ముందే" అన్నాను. మిగతా మాట నోట్లోనే ఉంది. గొడ్డలి పైకి లేచింది. గాలిలోనే దాన్ని తిప్పడం కూడా చూశాను. పదును వెనక్కి పోయి మొద్దువైపు ముందుకు వచ్చింది. మోచేతి కింద ఎముకలు ఎండు కందికట్టెల్లా విరిగాయి. ఆ చప్పుడు నొప్పి కంటే ముందు వినిపించింది. కిందపడ్డాక కడుపులో తన్నాడు. మళ్లీ తన్నాడు.

"సాక్షినే సంపుతావా నా కొడకా!"

ఆ మాట ఆయన నోట వచ్చినందుకు నవ్వుకోవలసింది. అప్పుడు నవ్వే స్థితిలో లేను.

నన్ను ఎవరో మోసుకొచ్చి ఇంట్లో వేశారు. వెదురు బద్దలు కట్టారు. బయట మా వాళ్లు గొడ్డళ్లు నూరుతున్న చప్పుడు వినపడుతోంది. నా భార్య చంటిబిడ్డను ఒళ్లో వేసుకొని, "మీరు చెప్పండి, ఒద్దని చెప్పండి" అంటోంది. నేను చెప్పలేదు. నొప్పిలో ఉన్న మనిషికి ఆ చప్పుడు కొంచెం హాయిగానే ఉంటుంది.

ఈలోపల కొండ మీద జరిగింది తర్వాత మామే చెప్పాడు. దొంగను పట్టుకున్నానని డేరాకు పోయి చెప్పాడట. సారు వానలోనే పైకి వచ్చి, నిట్టనిలువు బండ మీద అంతకుముందు తాను తాడు కట్టుకొని దిగి పెట్టిన అద్దాలు చూశాడు. అవి కూడా విరిగాయి. "మీ అయివారు అక్కడికి తాడు లేకుండా దిగాడా?" అని అడిగాడట. సారు నెర్రెలో చెయ్యి పెట్టి చూపించాడు. నిన్న వేలు దూరని సందులో ఇప్పుడు పిడికిలి పడుతోంది.

సారే ముందు మా పల్లెకు వచ్చాడు. ఇప్పుడే ఊరు ఖాళీ చెయ్యమన్నాడు. వచ్చింది మీదిపల్లె వైపు నుంచి. మా వాళ్లు అడ్డం నిలబడ్డారు.

"పల్లె ఖాళీ చేపిచ్చి అగ్గి పెట్టనీకి పంపినారా నిన్ను?"

అది ఊరికే అన్న మాట కాదు. అంతకు ముందొకసారి అలాగే జరిగింది. మా పెద్దమ్మ అరుగు మీద నుంచి కేక వేసింది. "పెండ్లయినకాడి నుంచి ఈ కొండ కిందనే పండుకుంటాండా నాయనా. నా మొగుని కంటే శానా నెమ్మదైంది. అది నన్నేం చేస్తాది?" అంతా నవ్వారు. సారు చేతులు జోడించి బతిమాలాడు. ఒకడు ఆయన గొడుగు లాక్కొని విరిచేశాడు.

ఆ తర్వాత మామ వచ్చాడు. ఒంటరిగా. చేతిలో గొడ్డలి లేదు. అలా ఎప్పుడూ చూసి ఉండకపోవడం వల్ల మా వాళ్లు వెంటనే పోల్చుకోలేకపోయారు. మా ఇంటి ముందే నిలబడ్డాడు. మంచంలో నుంచి నాకు ఆయన మాట వినపడింది.

"అయివారిని కొట్టింది నేనే. తప్పయింది. అద్దం ఆయప్ప పగలగొట్లేదు. కొండే కదుల్తాంది. లెయ్యండి, పిల్లోళ్లను తీసుకోండి."

మొదటి రాయి ఆయన నుదుటికి తగిలింది. తర్వాత కట్టెలు. ఆయన చెయ్యి ఎత్తలేదు.

"కొట్టండప్పా, నేనొద్దనను. ఈడ కాదు, కొండ కింద ఒద్దు. ఆ మిట్ట మీదికి పోదాం పాండి. ఆడ కొడుదురు."

"సచ్చేటోనికి చోటు కూడా బాగుండాల్నా?" అన్నాడు ఎవడో.

పైనుంచి సన్నరాళ్లు దొర్లి మా గడ్డివాము మీద పడుతున్నాయి. ఎవరూ చూడలేదు. ఆయన చూశాడు. చూసి, మా పల్లె పెద్దాయన తలగుడ్డ లాగి బురదలో వేసి తొక్కాడు. ఆయన తల్లిని అనరాని మాట అన్నాడు. మళ్లీ ఆ గుడ్డ చేతిలోకి తీసుకొని పరుగెత్తాడు. ఎవరి ముందూ పరుగెత్తని మనిషి, ఏటి దిగువ మిట్ట వైపు గుడ్డ ఊపుతూ పరుగెత్తాడు. కట్టె పట్టుకోగలిగిన మగవాడు ఒక్కడు కూడా పల్లెలో మిగల్లేదు.

నేను లేచి బయటికి వచ్చాను. ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడి ఉన్నారు. "నేను ముట్టకముందే అద్దం విరిగింది," అని చెప్పాను. "ఆయన చెప్పేది నిజం. కొండే విరిచింది." చెయ్యి విరిగినవాడు కొట్టినవాడి తరఫున చెబుతుంటే నమ్మక ఏం చేస్తారు? నా భార్య బిడ్డను ఎత్తుకొని ముందు నడిచింది. మిగతావాళ్లు ముసలివాళ్లను, పిల్లలను లాక్కుంటూ వెనక కదిలారు. పెద్దమ్మ మాత్రం బర్రె తాడు విప్పి వస్తానని ఆగింది.

మేము మిట్ట ఎక్కేసరికి ఆయన కిందపడి ఉన్నాడు. ఒకడు ఆయన చేతివేళ్లను రాతి మీద పెట్టి మడమతో తొక్కుతున్నాడు. నోటి నిండా నెత్తురు. మమ్మల్ని చూశాడు.

"ఆడోళ్లందరూ వచ్చిరా అయివారూ?"

నేను జవాబు చెప్పకముందే కొండ వచ్చింది. పిడుగులా పగలలేదు. పెద్ద బండి ఇరుసు విరిగినట్టు ఒక మూలుగు, తర్వాత నేల అదురు. పైన గట్టిబండ కూర్చుంది. కింది మెత్తరాయి నల్లటి బురదై మా ఇళ్ల మీదికి నడిచింది. గోడలు నిలబడినట్టే వెనక్కి పోయి, ఒక్కసారిగా వాలిపోయాయి. కట్టిపడేసిన ఎద్దుల అరుపు కొంతసేపు వినిపించి ఆగింది. మిట్ట మీద ఎత్తిన కట్టెలు ఎత్తినట్టే ఉండిపోయాయి. పెద్దమ్మ ఆ రోజు దొరకలేదు. వారం పోయాక దొరికింది, చేతికి బర్రెతాడు చుట్టుకొని.

ఆ దినంతో పగ పోయిందని రాస్తే మీరు నమ్మరు. పోలేదు. ఆ తర్వాత కూడా తలలు పగిలాయి. మా వాళ్లలో ఆయన్ను మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, తలగుడ్డ సంగతి చివరిదాకా మరవనివాళ్లూ ఉన్నారు.

జమ్మలమడుగులో పోలీసులు నా చెయ్యి సంగతి అడిగితే కొండ మీద జారిపడ్డానని చెప్పాను. అది మేలు చేయడమే అనుకున్నాను. వారం తిరక్కుండా మామ వచ్చాడు, తలకు కట్టుతో, వంకరపోయిన వేళ్లతో. వచ్చీరాగానే కేకలు.

"అబద్దం ఎందుకు చెప్తివి? నిన్నెవరు చెప్పమన్యారు?"

"పోనీలే మామా" అన్నాను. ఆయన్ను మామ అనడం అదే మొదలు.

"పోనీలే ఏంది? ఆ కేసులో చెప్పేటోడు లేక బయటికొచ్చినా. ఇప్పుడు చెప్పేటోడు ఉండి కూడా నోరు మూసుకుంటే, ఇంగ నేను యాడికి పోవాల?"

ఆ కేసు అని ఆయన నోటితో అన్నది ఆ ఒక్కసారే. నేను మళ్లీ అడగలేదు. ఆయనే స్టేషనుకు పోయి అయివారిని కొట్టింది నేనని చెప్పి, కాగితం మీద బొటనవేలి ముద్ర వేసి వచ్చాడు. నేనూ ఉన్నదున్నట్టు చెప్పాను. కొన్నాళ్లు కడప జైల్లో ఉన్నాడు.

వంతెన దిగువకు జరిగింది. మా కొత్తపల్లె ఆయన్ను కొట్టిన మిట్ట మీదే లేచింది. బడి కూడా అక్కడే. ఆయన చిన్నకొడుకును ఆ బడికే పంపాడు. మీదిపల్లె నుంచి మా పల్లెకు చదువుకు వచ్చిన మొదటివాడు వాడే. నేను ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాను. ఇదీ ఆ చేత్తోనే రాస్తున్నాను. నన్ను చూసి నేర్చుకున్నందువల్ల మా బడి పిల్లల అక్షరాలన్నీ ఎడమకు వాలి ఉంటాయి. మామ తన కొడుకు పలక చూసి, "నేను కొట్టిన దెబ్బ ఊర్లో పిల్లోళ్లందరికీ తగిలిండాదే" అనేవాడు.

ఒక వానాకాలం బడి గోడ సన్నగా చీలింది. నేల కుదురుకుంటోంది, భయం లేదన్నాను. ఆయన వినలేదు. ప్రొద్దుటూరు పోయి అదే పటాల అంగట్లో అద్దం ముక్క కోయించుకొచ్చి, సున్నం కలిపి, చీలికకు అడ్డంగా అతికించాడు. మడత పడని వేళ్లతో ఎలా పట్టుకున్నాడో తెలియదు. ఆ తర్వాత ఈ వైపు వచ్చినప్పుడల్లా నన్ను పలకరించకముందే గోడ దగ్గరికి పోయేవాడు. అద్దం మీద బొటనవేలు జరిపి, "ఉండాది" అనేవాడు. అప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చొని మంచినీళ్లు అడిగేవాడు. గొడ్డలి తేవడం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు.

శుక్రవారం సాయంత్రం మట్టి వేసి వచ్చాను. శనివారం పొద్దున వాన. పిల్లలు చూరు కింద తడుస్తూ నిలబడి ఉన్నారు. నేను ముందు లోపలికి పోయి గోడ దగ్గర ఆగాను. అద్దానికి రెండు చివరలా సున్నం గట్టిపడి ఉంది. కుడిచివర ఆయన నొక్కిన బొటనవేలి గుర్తు, గీతలతో సహా. అద్దం మీద నా ఎడమ బొటనవేలు చివరిదాకా జరిపాను. ఎక్కడా పగులు తగల్లేదు.

పిల్లలను లోపలికి రమ్మన్నాను.